ఊపిరితిత్తుల్లో నీటి తిత్తి.. టీబీ కాదు, క్యాన్సర్ కాదు! మరి ఏంటిది? పగలకుండా ఎలా తీస్తారు?

రెండు నెలలుగా తగ్గని దగ్గు. అప్పుడప్పుడు ఛాతీలో ఓ పక్క నొప్పి. ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తిలో నిమ్మకాయంత గుండ్రటి తెల్ల మచ్చ. అది చూడగానే ఇంట్లో అందరికీ వచ్చే భయం ఒక్కటే.. టీబీనా? క్యాన్సరా? ఆ రెండింటికీ టెస్టులు చేయించాల్సిందే, అందులో డౌట్ లేదు. కానీ కొంతమందిలో అది ఈ రెండూ కాదు. ఓ చిన్న పురుగు పిల్ల దశలో ఉండి కట్టుకున్న నీటి సంచి!

దీన్నే హైడాటిడ్ సిస్ట్ అంటారు. మందులతోనే కరిగించేద్దాం అంటే ఊపిరితిత్తుల విషయంలో అన్నిసార్లూ కుదరదు. సూదితో నీళ్లు లాగేద్దాం అనుకుంటే ప్రాణం మీదకి రావచ్చు. అందుకే ఎక్కువ కేసుల్లో ఆపరేషనే మెయిన్ ట్రీట్‌మెంట్. ఆ ఆపరేషన్‌లో సర్జన్ ముందు రెండు టార్గెట్లు ఉంటాయి. తిత్తిలోని నీళ్లు బయట పడకూడదు. ఊపిరితిత్తిని వీలైనంతవరకు కోసేయకూడదు. ఇదంతా ఎలా చేస్తారు? అసలు ఈ తిత్తి ఎందుకొస్తుంది? డీటెయిల్డ్‌గా చూద్దాం.

ముఖ్యమైన పాయింట్లు

• కుక్క పేగుల్లో ఉండే బద్దెపురుగు గుడ్లు మన నోట్లోకి వెళ్తే ఈ తిత్తి వస్తుంది.
• ఎక్కువగా లివర్‌లో, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో కనిపిస్తుంది. పిల్లల్లో ఊపిరితిత్తుల కేసులు ఎక్కువ.
• ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. పగిలితే మాత్రం ఎమర్జెన్సీ కావచ్చు.
• ఊపిరితిత్తిలోని తిత్తికి సూది గుచ్చడం ప్రమాదం.
• ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఉడికించిన మటన్ తింటే రాదు.

అసలేంటీ హైడాటిడ్ సిస్ట్?

ఎకినోకాకస్ గ్రాన్యులోసస్.. పేరు పెద్దది, పురుగు చిన్నది. పూర్తిగా పెరిగినా 2 నుంచి 7 మిల్లీమీటర్లే. ఇది కుక్క చిన్నపేగులో అతుక్కుని బతుకుతుంది. దాని వల్ల కుక్కకి పెద్దగా ఇబ్బంది ఉండదు. చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. కానీ దాని మలంతో పాటు పురుగు గుడ్లు బయటికొస్తుంటాయి. అవి కంటికి కనిపించవు.

ఆ గుడ్లు గడ్డి మీద, మట్టిలో, నీళ్లలో కలుస్తాయి. గొర్రెలు, మేకలు, పశువులు మేసేటప్పుడు వాటి కడుపులోకి వెళ్తాయి. అక్కడ గుడ్డు పగిలి పిల్ల పురుగు బయటికొస్తుంది. పేగు గోడని చీల్చుకుని రక్తంలో కలుస్తుంది. లివర్‌లోనో, ఊపిరితిత్తుల్లోనో ఆగి చుట్టూ నీటి తిత్తి కట్టుకుంటుంది. ఆ గొర్రెని కోసినప్పుడు నీటి బుడగలున్న కార్జం, ఊపిరితిత్తులని పక్కన పడేస్తారు. వాటిని కుక్క తింటుంది. ఆ తిత్తిలోని పురుగు తలలు కుక్క పేగులో మళ్లీ పెద్ద పురుగులవుతాయి. ఇదీ సైకిల్.

మరి మధ్యలో మనిషి ఎలా వచ్చాడు? పొరపాటున వచ్చాడు. కుక్కని నిమిరిన చేత్తో అన్నం తినడం, సరిగా కడగని ఆకుకూర పచ్చిగా తినడం, కలుషితమైన నీళ్లు తాగడం.. ఇలా గుడ్లు మన కడుపులోకి చేరతాయి. గొర్రెలో ఏం జరుగుతుందో మనలోనూ అదే జరుగుతుంది. కాకపోతే మన ఒంట్లోకి వచ్చిన పురుగుకి కుక్క దగ్గరికి తిరిగి వెళ్లే దారి ఉండదు. అక్కడే ఉండిపోయి తిత్తిలా పెరుగుతూ పోతుంది.

ఊపిరితిత్తుల్లోకే ఎందుకు?

పేగుల నుంచి వచ్చే రక్తం ముందు లివర్‌కి వెళ్తుంది. లివర్ ఓ జల్లెడ లాంటిది. ఎక్కువ పురుగులు అక్కడే ఆగిపోతాయి. దాన్ని దాటుకుని వెళ్లినవి గుండె మీదుగా ఊపిరితిత్తులకి చేరతాయి. అక్కడ సన్నటి రక్తనాళాలు రెండో జల్లెడలా పనిచేస్తాయి. అందుకే ఈ తిత్తుల్లో లివర్‌ది ఫస్ట్ ప్లేస్, ఊపిరితిత్తులది సెకండ్ ప్లేస్. మెదడు, ఎముకలు, గుండె లాంటి చోట్ల కూడా వస్తాయి కానీ చాలా అరుదు.

లివర్ గట్టిగా ఉండే అవయవం. అక్కడ తిత్తి మెల్లగా పెరుగుతుంది. ఊపిరితిత్తి అలా కాదు, స్పాంజిలా మెత్తగా ఉంటుంది. తిత్తి పెరుగుతుంటే అడ్డు చెప్పేది తక్కువ. అందుకే ఊపిరితిత్తుల్లో తిత్తి త్వరగా పెద్దదవుతుంది. 10 సెంటీమీటర్లు దాటిన తిత్తులు కూడా చూస్తుంటారు డాక్టర్లు. పిల్లల ఊపిరితిత్తి ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి వాళ్లలో తిత్తులు పెద్దవిగా ఉండటం మామూలే.

ఈ తిత్తికి మూడు పొరలుంటాయని గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ అర్థం కావాలంటే ఇది తెలియాలి. బయటి పొర పురుగుది కాదు, మనదే. లోపలికొచ్చిన శత్రువుని కట్టడి చేయడానికి మన ఊపిరితిత్తి కట్టుకున్న గోడ అది. దాని లోపల ముత్యంలా తెల్లగా మెరిసే పొర పురుగుది. ఆ లోపల ఇంకో పల్చటి పొర ఉంటుంది. నీటిని, కొత్త పురుగు తలలని తయారు చేసేది అదే. అంటే సర్జన్ తీసేయాల్సింది లోపలి రెండు పొరలని. బయటి గోడ మన ఊపిరితిత్తిలో భాగమే కాబట్టి దాన్ని చాలావరకు వదిలేయొచ్చు.

లక్షణాలేంటి? పగిలితే ఏమవుతుంది?

చిన్న తిత్తి ఉన్నట్టే తెలియదు. వేరే దేనికో ఎక్స్‌రే తీసినప్పుడు బయటపడిన కేసులు చాలా ఉంటాయి. పెద్దదయ్యాక చుట్టుపక్కల ఒత్తిడి పెరిగి దగ్గు, ఛాతీ నొప్పి, ఆయాసం మొదలవుతాయి. కొందరికి కఫంలో రక్తం పడుతుంది.

అసలు ప్రమాదం తిత్తి పగిలినప్పుడే. ఊపిరి గొట్టంలోకి పగిలితే ఒక్కసారిగా దగ్గు తెర వచ్చి ఉప్పగా ఉండే నీళ్లు నోట్లోకి వస్తాయి. వాటితో పాటు ద్రాక్ష తొక్కల్లాంటి తెల్లటి పొరల ముక్కలు కూడా పడొచ్చు. ఈ గుర్తు కనిపిస్తే డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. వీలైతే ఆ ముక్కల్ని శుభ్రమైన డబ్బాలో వేసి తీసుకెళ్లాలి. టెస్ట్ చేయడానికి పనికొస్తుంది.

తిత్తిలోని నీళ్లు మన ఒంటికి పరాయివి. అవి ఒక్కసారిగా రక్తంలో కలిస్తే తీవ్రమైన అలర్జీ రావచ్చు. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం, బీపీ పడిపోవడం.. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. నిమిషాల్లో ప్రాణం తీయగలదు. ఒకవేళ తిత్తి ఊపిరితిత్తి బయట, ఛాతీ గోడ వైపు పగిలితే అక్కడ నీళ్లూ గాలీ చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోవచ్చు. అక్కడ పడిన పురుగు తలల నుంచి కొత్త తిత్తులు కూడా పుట్టొచ్చు. పగిలిన తిత్తిలో చీము పట్టే ప్రమాదం ఎలాగూ ఉంది.

టీబీ అనుకుంటే వచ్చే తిప్పలు

మన దేశంలో టీబీ ఎక్కువ. ప్రపంచంలోనే అత్యధిక టీబీ కేసులున్న దేశం మనది. దగ్గు, కఫంలో రక్తం, ఎక్స్‌రేలో మచ్చ.. ఈ మూడూ కనిపిస్తే ముందు టీబీని అనుమానించడం తప్పు కాదు. పైగా పగిలి చీము పట్టిన తిత్తి అయితే ఎక్స్‌రేలో టీబీలాగో, న్యుమోనియాలాగో, గడ్డలాగో కనిపిస్తుంది. అందుకే కఫం పరీక్ష నెగెటివ్ వచ్చి, మందులు వాడినా మచ్చ అలాగే ఉంటే, 'ఇది ఇంకేమైనా కావచ్చా?' అని అడగాల్సిందే. ఇంట్లో కుక్క ఉందా, గొర్రెలు మేకలు పెంచుతారా అనే విషయం డాక్టర్ అడక్కపోయినా మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో డయాగ్నసిస్ దారి మారొచ్చు. అలాగని డాక్టర్‌ని అడక్కుండా టీబీ మందులు మీరే ఆపేయొద్దు.

తర్వాతి స్టెప్ సీటీ స్కాన్. మచ్చ లోపల నీళ్లున్నాయా, గట్టి కణితా అనేది ఇందులో తెలుస్తుంది. పగలని తిత్తి అంచులు నున్నగా, గుండ్రంగా కనిపిస్తాయి. బయటి గోడకి, లోపలి పొరకి మధ్య గాలి దూరితే నెలవంకలా ఓ గీత కనిపిస్తుంది. తిత్తి పగలబోతోంది అనడానికి అదో హెచ్చరిక. పగిలాక లోపలి పొర ఊడిపోయి నీళ్ల మీద తేలుతుంది. చెరువులో తేలే కలువలా కనిపిస్తుంది కాబట్టి రేడియాలజిస్టులు దానికి 'వాటర్ లిల్లీ సైన్' అని పేరు పెట్టారు.

రక్తంలో యాంటీబాడీ టెస్ట్ కూడా చేస్తారు. అయితే లివర్ తిత్తులతో పోలిస్తే ఊపిరితిత్తుల తిత్తుల్లో ఈ టెస్ట్ నెగెటివ్ వచ్చే ఛాన్స్ ఎక్కువ. కాబట్టి నెగెటివ్ వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని కాదు. పొట్టకి అల్ట్రాసౌండ్ తప్పకుండా చేస్తారు. ఎందుకంటే ఊపిరితిత్తిలో తిత్తి ఉన్నవాళ్లలో కొందరికి లివర్‌లో కూడా ఉంటుంది.

ఇక్కడో జాగ్రత్త. ఊపిరితిత్తిలో గడ్డ కనిపిస్తే సూదితో ముక్క తీసి టెస్ట్ చేయడం మామూలుగా జరిగేదే. కానీ హైడాటిడ్ అని అనుమానం ఉంటే సూది పెట్టకూడదు. పగిలినప్పుడు వచ్చే ప్రమాదాలన్నీ సూదితో కూడా రావచ్చు.

మందులతో తగ్గదా? ఆపరేషనే ఎందుకు?

నులిపురుగుల నివారణ రోజున స్కూల్లో పిల్లలకి ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ల గుర్తుందా? హైడాటిడ్‌కి వాడేది కూడా ఆ మందే. కాకపోతే ఒక్క బిళ్లతో సరిపోదు, బరువుని బట్టి డోసు లెక్కగట్టి నెలల తరబడి వాడాలి. చిన్న తిత్తులకి, ఒంట్లో చాలా చోట్ల తిత్తులు ఉన్నవాళ్లకి, ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లకి ఇది ఉపయోగపడుతుంది.

ఊపిరితిత్తిలోని పెద్ద తిత్తికి మాత్రం ఇందులో ఓ చిక్కుంది. మందు పనిచేస్తే పురుగు చస్తుంది, పొర బలహీనపడుతుంది. బలహీనపడిన పొర దగ్గినప్పుడు పగిలిపోవచ్చు. అందుకే పగలని పెద్ద తిత్తికి ఆపరేషన్ ముందు ఆల్బెండజోల్ ఇవ్వడానికి చాలామంది సర్జన్లు వెనకాడతారు. ముందు తిత్తి తీసేసి, ఆ తర్వాత మందు మొదలుపెడతారు.

'మా బంధువుకి లివర్‌లో ఉంటే సూదితోనే తీశారు కదా' అని కొందరు అడుగుతారు. నిజమే. లివర్‌లోని కొన్ని రకాల తిత్తులకి స్కాన్ చూస్తూ సూదితో నీళ్లు లాగి, పురుగుని చంపే ద్రావణం ఎక్కించి, మళ్లీ లాగేసే పద్ధతి ఉంది. దాని పేరు పెయిర్. ఊపిరితిత్తుల్లో ఆ పద్ధతి వాడరు. ఊపిరి గొట్టాలు పక్కనే ఉంటాయి. ఆ నీళ్లు, ద్రావణం గొట్టాల్లోకి వెళ్తే ఊపిరే ఆగిపోవచ్చు.

ఆపరేషన్ ఎలా చేస్తారు? స్టెప్ బై స్టెప్

ఉదాహరణకి గొర్రెల మంద ఉన్న ఇంట్లో ఓ పాతికేళ్ల అమ్మాయి అనుకుందాం. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో బత్తాయంత తిత్తి. ఇంకా పగల్లేదు. ఆపరేషన్ థియేటర్లో ఏం జరుగుతుందంటే..

మొదటి అడుగు మత్తు డాక్టర్‌ది. మామూలు ఆపరేషన్లలో గొంతులోకి ఒకే దారి ఉన్న ట్యూబ్ వేస్తారు. ఇక్కడ రెండు దారులున్న ట్యూబ్ వేస్తారు. ఒక దారి కుడి ఊపిరితిత్తికి, ఇంకోటి ఎడమ దానికి. దీనివల్ల రెండు లాభాలు. పని జరిగే ఊపిరితిత్తికి గాలి ఆపేసి రెండోదానితో ఊపిరి నడిపించొచ్చు. పొరపాటున తిత్తి పగిలినా ఆ నీళ్లు మంచి ఊపిరితిత్తిలోకి పోకుండా అడ్డుకోవచ్చు. చిన్న పిల్లల గొంతుకి ఈ ట్యూబ్ పట్టదు కాబట్టి వాళ్లకి వేరే పద్ధతులు వాడతారు. అలర్జీ వస్తే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ లాంటి మందులు చేతికందేలా రెడీగా ఉంచుకుంటారు.

తర్వాత పేషెంట్‌ని పక్కకి తిప్పి పడుకోబెడతారు. పక్కటెముకల మధ్య కోత పెట్టి ఛాతీ తెరుస్తారు. ఊపిరితిత్తి మీద తెల్లగా ఉబ్బిన చోటు కనిపిస్తుంది. వెంటనే దాన్ని ముట్టుకోరు. ముందు చుట్టూ తడి గుడ్డ ప్యాడ్లు పేరుస్తారు. మామూలు నీళ్లతో తడిపినవి కావు, గాఢమైన ఉప్పు నీళ్లలోనో, పొవిడోన్ అయోడిన్‌లోనో తడిపినవి. తిత్తి నుంచి ఒక్క చుక్క కారినా అందులోని పురుగు తలలు ఆ ప్యాడ్ల మీదే చచ్చిపోవాలి. ఛాతీలో ఇంకెక్కడా పడకూడదు. ఓ పక్కన సక్షన్ గొట్టం రెడీగా ఉంటుంది.

ఇక్కడి నుంచి రెండు దారులు.

ఒకటి, తిత్తిని చెక్కుచెదరకుండా మొత్తంగా బయటికి తీయడం. సర్జన్ బయటి గోడని చాలా జాగ్రత్తగా గీస్తారు. కత్తి కొంచెం లోతుగా దిగినా తిత్తి పగిలిపోతుంది. గోడ తెరుచుకోగానే లోపల ముత్యంలాంటి తెల్ల పొర తొంగిచూస్తుంది. అప్పుడు మత్తు డాక్టర్‌కి చెప్తారు, మెల్లగా గాలి ఊదమని. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న ఊపిరితిత్తి ఉబ్బుతూ తిత్తిని లోపలి నుంచి తోస్తుంది. తాటి ముంజె తొక్కలోంచి జారినట్టు తిత్తి మొత్తం బయటికి జారుతుంది. కింద గిన్నె పట్టుకుని అందుకుంటారు. లాగడం ఉండదు, పిసకడం ఉండదు. ఊపిరే దాన్ని బయటికి నెడుతుంది. చిన్న, మధ్య సైజు తిత్తులకి ఇది బాగా పనికొస్తుంది.

రెండోది, పెద్ద తిత్తులకి. పగిలే రిస్క్ ఎక్కువ కాబట్టి ముందుగానే సూదితో, సక్షన్‌తో నీళ్లు లాగేస్తారు. అదేంటి, సూది వద్దన్నారు కదా అంటారా? బయటి నుంచి చర్మంలోంచి గుడ్డిగా గుచ్చడం వేరు. ఛాతీ తెరిచి, చుట్టూ ప్యాడ్లు పెట్టి, రెండో ఊపిరితిత్తిని కాపాడుకుని, కళ్లతో చూస్తూ చేయడం వేరు. నీళ్లు పోయాక ముడుచుకుపోయిన పొరని పట్టుకుని మొత్తం తీసేస్తారు. చిన్న ముక్క కూడా మిగలకుండా లోపలంతా తుడుస్తారు.

తిత్తి పోయింది. కథ అయిపోలేదు. ఇప్పుడు అక్కడో ఖాళీ గుంత ఉంది. దాని గోడల్లో చిన్న చిన్న ఊపిరి గొట్టాలు తెరుచుకుని ఉంటాయి. వాటిని మూయకపోతే ఊపిరి పీల్చిన ప్రతిసారీ గాలి లీకవుతుంది. ఎక్కడ లీకవుతోందో ఎలా కనిపెడతారో తెలుసా? సైకిల్ షాపులో పంక్చర్ వేసేవాళ్లు ట్యూబ్‌ని నీళ్ల టబ్‌లో ముంచి బుడగలు చూస్తారు కదా.. సరిగ్గా అదే టెక్నిక్! గుంతలో సెలైన్ పోసి, మత్తు డాక్టర్‌ని గాలి ఊదమంటారు. ఎక్కడ బుడగలొస్తే అక్కడ కుట్టు. మళ్లీ సెలైన్, మళ్లీ గాలి. బుడగలు ఆగేదాకా ఇదే పని.

ఆ తర్వాత అడుగు నుంచి పైదాకా కుట్లు వేస్తూ గుంత గోడల్ని దగ్గరికి లాగి ఖాళీని మూసేస్తారు. దీన్ని క్యాపిటనాజ్ అంటారు. ఈ స్టెప్ మీద సర్జన్లలో రెండు అభిప్రాయాలున్నాయి. ఖాళీ వదిలేస్తే చీము పడుతుందని, గాలి లీకవుతుందని కొందరు కుట్టేస్తారు. ఎక్కువ కుడితే ఊపిరితిత్తి ఆకారం పాడవుతుందని కొందరు గొట్టాలు మాత్రమే మూసి వదిలేస్తారు. సైజుని బట్టి, చోటుని బట్టి నిర్ణయం ఉంటుంది. చివరగా ఛాతీలో డ్రెయిన్ ట్యూబ్ పెట్టి మూసేస్తారు.

ఊపిరితిత్తి కోసేస్తారా?

పేషెంట్లు ఎక్కువగా భయపడేది దీనికే. ఎక్కువ కేసుల్లో ఆ అవసరం రాదు. స్కాన్‌లో తిత్తి చుట్టూ ఊపిరితిత్తి నలిగిపోయినట్టు కనిపించినా, అది చాలావరకు పాడైనది కాదు, నొక్కుకుపోయింది అంతే. తిత్తి తీయగానే మళ్లీ ఉబ్బుతుంది. ముఖ్యంగా పిల్లల్లో బాగా కోలుకుంటుంది. అందుకే ఊపిరితిత్తిని మిగిల్చుకోవడమే ఈ ఆపరేషన్‌లో మొదటి రూల్.

అయితే ఆలస్యం జరిగి తిత్తి పగిలి, చీము పట్టి, ఊపిరితిత్తిలోని ఓ భాగం మొత్తం పనికిరాకుండా పోతే ఆ భాగాన్ని తీసేయక తప్పదు. అంటే ముందే వస్తే తిత్తి మాత్రమే పోతుంది. లేటయితే దాంతో పాటు ఊపిరితిత్తి ముక్క కూడా పోవచ్చు. తేడా అక్కడుంది.

రెండు వైపులా ఉంటే? కొన్ని వారాల గ్యాప్‌తో రెండు ఆపరేషన్లు చేస్తారు. కొన్ని కేసుల్లో ఛాతీ మధ్య ఎముక తెరిచి ఒకేసారి రెండు వైపులా తీస్తారు. కుడి ఊపిరితిత్తిలో ఒకటి, లివర్ పైభాగంలో ఒకటి ఉంటే? అదే ఛాతీ కోతలోంచి, మధ్యలో ఉండే డయాఫ్రమ్‌ని తెరిచి రెండూ తీసేసే వీలుంది. చిన్న రంధ్రాలతో కెమెరా సాయంతో చేసే కీహోల్ పద్ధతి కూడా వచ్చింది. కోత చిన్నది, నొప్పి తక్కువ. కానీ అందరికీ సెట్ కాదు. ఊపిరితిత్తి అంచుల్లో ఉన్న చిన్న తిత్తులకి, అనుభవం ఉన్న సర్జన్ దగ్గరైతేనే మంచిది.

ఆపరేషన్ తర్వాత..

డ్రెయిన్ ట్యూబ్ చూసి కంగారు పడొద్దు. గాలి లీక్ ఆగి, ఊపిరితిత్తి పూర్తిగా ఉబ్బాక తీసేస్తారు. ఎక్కువగా కనిపించే సమస్య కూడా గాలి లీకే. కొందరికి త్వరగా ఆగుతుంది, కొందరికి ఇంకొన్ని రోజులు పడుతుంది. ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం లాంటి రిస్కులు ఏ పెద్ద ఆపరేషన్‌లోనైనా ఉన్నట్టే ఇక్కడా ఉంటాయి.

మూడు బాల్స్ ఉండే స్పైరోమీటర్ చేతికిచ్చి ఊపిరి గట్టిగా పీల్చమంటారు. నొప్పి అని మానేయొద్దు. నొప్పి మందు అడిగి వేసుకుని అయినా చేయాలి. దగ్గి కఫం బయటికి పంపాలి. ఊపిరితిత్తి మళ్లీ ఉబ్బడానికి ఇదే కీలకం.

తర్వాత ఆల్బెండజోల్ కోర్సు ఉంటుంది. సాధారణంగా కొన్ని నెలలు. మందు బాగా ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకోవాలి. లివర్ మీద, రక్త కణాల మీద ప్రభావం చూపించొచ్చు కాబట్టి మధ్యమధ్యలో రక్త పరీక్షలు తప్పనిసరి. గర్భిణులు, గర్భం ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు ముందే డాక్టర్‌కి చెప్పాలి. తిత్తి మళ్లీ వచ్చే ఛాన్స్ ఉంది. అందుకే బాగానే ఉంది కదా అని స్కాన్‌లు మానేయకూడదు. కొన్నేళ్ల పాటు ఫాలో అప్ అవసరం.

ఆపరేషన్‌కి ముందు డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు

• తిత్తి పగిలిందా, పగల్లేదా?
• లివర్ స్కాన్ చేశారా? ఇంకెక్కడైనా ఉందా?
• మొత్తంగా తీస్తారా, నీళ్లు లాగి తీస్తారా?
• ఊపిరితిత్తి భాగం తీసేయాల్సి రావచ్చా?
• ఆల్బెండజోల్ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎన్ని నెలలు?
• ఇంట్లో మిగతావాళ్లకి కూడా స్కాన్ అవసరమా?

ఇది ఛాతీ సర్జన్లు చేయాల్సిన ఆపరేషన్. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ లాంటి కార్డులున్నవాళ్లు అడ్మిట్ అయ్యే ముందే హాస్పిటల్ హెల్ప్ డెస్క్‌లో తమ కేసు గురించి అడగడం మంచిది.

మన దగ్గర ఎందుకు పట్టించుకోవాలి?

ఇది ఎక్కడో గొర్రెలు పెంచే దేశాల జబ్బు అనుకుంటే పొరపాటే. మన దేశంలో ఈ తిత్తులు ఎక్కువగా కనిపించే రాష్ట్రాలుగా వైద్య గ్రంథాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పేర్లే వినిపిస్తాయి. కర్నూలు ప్రాంతంలో హైడాటిడ్ వ్యాప్తి మీద జరిగిన స్టడీ 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. అంటే అర్ధ శతాబ్దం క్రితమే మన డాక్టర్లు దీన్ని గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల లిస్టులో పెట్టింది. ప్రపంచవ్యాప్తంగా ఏ సమయంలో చూసినా 10 లక్షల మందికి పైగా ఎకినోకాకస్ వ్యాధులతో ఉంటారని చెబుతోంది.

కారణం వెతకడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ఆదివారం పొద్దున మటన్ షాపు ముందు కాసుకుని కూర్చునే కుక్కల్ని చూడండి. జాతరలో వేటలు కోసిన చోట పడేసిన వ్యర్థాలని చూడండి. బుడగలున్న కార్జం మనం తినం, కానీ కుక్కకి వేస్తాం. సైకిల్ తెగాల్సింది సరిగ్గా అక్కడే.

తెంచిన దేశాలు ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో ఈ వ్యాధి విపరీతంగా ఉండేది. 1863లో డెన్మార్క్ శాస్త్రవేత్త హరాల్డ్ క్రాబే అక్కడికి వెళ్లి స్టడీ చేశారు. జబ్బు ఎలా వస్తుందో జనానికి అర్థమయ్యే భాషలో చిన్న పుస్తకం రాసి పంచారు. వ్యర్థాలు కుక్కలకి వేయకుండా, కుక్కలకి పురుగుల మందు ఇచ్చేలా చట్టాలొచ్చాయి. అక్కడ ఆ వ్యాధి కనుమరుగైంది. న్యూజిలాండ్ కూడా దశాబ్దాల పోరాటం తర్వాత 2002లో ఈ వ్యాధి నుంచి బయటపడ్డామని ప్రకటించుకుంది.

మనం చేయాల్సింది ఏంటి?

• పచ్చి కార్జం, ఊపిరితిత్తులు, పేగులు కుక్కలకి వేయొద్దు. లోతుగా పూడ్చాలి లేదా కాల్చేయాలి.
• పెంపుడు కుక్కలకి, మంద కుక్కలకి డాక్టర్ సలహాతో ప్రాజిక్వాంటెల్ మందు వేయించాలి. వ్యాధి ఎక్కువున్న చోట ఏడాదికి కనీసం 4 సార్లు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.
• కుక్కని ముట్టుకున్నాక, మట్టి పని చేశాక సబ్బుతో చేతులు కడగాలి. పిల్లలకి ఇది అలవాటు చేయాలి.
• పచ్చిగా తినే కూరగాయలు, ఆకుకూరలు బాగా కడగాలి.

ఈ డౌట్లు మీకూ ఉన్నాయా?

మటన్ తింటే వస్తుందా? రాదు. మాంసంలో ఉండే తిత్తి వల్ల మనిషికి ఈ వ్యాధి రాదు. కుక్క మలంలోని గుడ్ల వల్లే వస్తుంది.

పేషెంట్‌తో కలిసి తింటే అంటుతుందా? అంటదు. పక్కన కూర్చోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు.

కుక్కని వదిలేయాలా? అవసరం లేదు. పచ్చి వ్యర్థాలు పెట్టకుండా, టైమ్‌కి పురుగుల మందు వేయిస్తే చాలు.

తిత్తి చిన్నదే, ఏ ఇబ్బందీ లేదు. ఆగొచ్చా? అది సైజు, చోటు, వయసుని బట్టి డాక్టర్ చెప్పాల్సిన మాట. కానీ ఊపిరితిత్తిలోని తిత్తి పెరుగుతుంది, పగిలే రిస్క్ ఉంటుంది. ఏ ఇబ్బందీ లేదు కదా అని రిపోర్ట్ బీరువాలో పెట్టేయొద్దు.

పగలకముందు తీస్తే ఊపిరితిత్తి మిగులుతుంది, మనిషి మామూలుగా తన పని తను చేసుకుంటాడు. పగిలాక వస్తే అదే తిత్తి పెద్ద ఆపరేషన్‌గా మారుతుంది. కాబట్టి తగ్గని దగ్గుని తేలిగ్గా తీసుకోవద్దు. మీ ఇంట్లో గొర్రెలు, కుక్కలు ఉంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పడం మర్చిపోవద్దు.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. మందులు, ఆపరేషన్ విషయంలో నిర్ణయం మీ డాక్టర్‌ని కలిసిన తర్వాతే తీసుకోండి.